నాలుగు మూకుళ్ళ నీళ్ళు

తాటిగుమ్మ పురపాలక సంఘానికి ఉన్నట్టుండి చీమల మీద కోపం వచ్చింది. జనం పడే బాధ చూసి వచ్చిన కోపం కాదది. జనాన్ని చీమలు ఏనాటినుంచో కుడుతున్నాయి. ఉయ్యాల్లో పసిపిల్లల్ని కుట్టాయి, నేలమీద కూర్చుని కూరలమ్ముకునేవాళ్ళని కుట్టాయి, బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్ని వరసపెట్టి కుట్టాయి. అవన్నీ మామూలు మనుషుల ఒళ్ళు కనక ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఆగస్టులో ఒకరోజు పారిశుద్ధ్య ప్రతిజ్ఞ పెట్టారు. మంచినీళ్ళ టాంకు కింద, ఎర్ర చీమల పుట్టకి జానెడు దూరంలో, కమిషనరు ఇందుభూషణం గారు కుడిచెయ్యి చాచి నిలబడి, "నా పట్టణమును సమస్త హానికర కీటకముల నుండి విముక్తము చేయుదునని" అంటూ చదువుతున్నారు. ప్రతిజ్ఞకి పదకొండు వాక్యాలు. మూడో వాక్యానికి చీమలు బూటు దాటాయి. ఆరో వాక్యానికి మోకాలు దాటాయి. ఫొటోలు తీస్తున్నారు కనక ఆయన కదల్లేదు. పదకొండో వాక్యం అయ్యాక ఆయన కారు దాకా వెళ్ళిన తీరు చూసి ఊరంతా వారంరోజులు నవ్వుకుంది. రెండు రోజులపాటు ఆయన ఫైళ్ళన్నిటి మీదా నిలబడే సంతకాలు పెట్టారు. మూడోరోజున 'చీమల నిర్మూలన ప్రత్యేక విభాగం' పుట్టింది.

ఆ టాంకు గోడకి ఇవతల ఇల్లు అచ్చియ్యమ్మది. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి హోటళ్ళకి వేస్తుంది. ఆవిడ మొగుడు అప్పలసూరి రంగులేసే మేస్త్రి. రెండేళ్ళ కిందట ఆ టాంకు మీద 'పరిశుభ్రతే మన ఊపిరి' అని రాయడానికి పురపాలక సంఘమే పిలిచింది. 'పరిశుభ్రతే మన ఊ' దాకా రాశాక కట్టిన కర్ర విరిగి కింద పడ్డాడు. అప్పటినుంచి నడుం కింద ఏమీ తెలీదు. ఆ మిగతా రెండక్షరాలూ రాయడానికి ఇంకెవరూ ఎక్కలేదు. ఊరు మాత్రం ఆ అరకొర మాటకి అలవాటుపడిపోయింది.

ఆ ప్రతిజ్ఞకి ముందు వేసవిలో ఒక పొద్దున్న అచ్చియ్యమ్మ టీ పట్టుకొచ్చి చూసేసరికి, మొగుడి ఎడమ మడమ మీద ఎర్రగా ముద్దకట్టి ఉన్నాయి చీమలు. మడమని తింటున్నాయి. ఆయన దిండుకి జారబడి, "ఓలె అచ్చీ, ఇయ్యాల టీ ఆలీసమయ్యిందేటే?" అని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి అచ్చియ్యమ్మ టీ కింద పెట్టేసింది. చీమలు కుట్టినందుకు కాదు, కుట్టినట్టు ఆయనకి తెలీనందుకు గోడకి తిరిగి ఏడ్చింది.

వేణ్ణీళ్ళు పోసింది, పసుపు చల్లింది, బజారునుంచి చీమల మందు తెచ్చి గుమ్మం పొడుగునా గీత గీసింది. అదంతా గోడకి ఇవతలే. పుట్ట గోడకి అవతల టాంకు స్థలంలో ఉంది. ఆ గేటుకి తాళం, తాళం మీద 'అన్యులకు ప్రవేశము లేదు' అని బోర్డు. ఆ బోర్డు రాసింది కూడా అప్పలసూరే. చివరికి తల్లి బెల్లం కుండకి చేసే ఉపాయం గుర్తొచ్చింది. కుమ్మరి దగ్గర నాలుగు మట్టి మూకుళ్ళు కొని, మంచం నాలుగు కోళ్ళూ వాటిల్లో దింపి నీళ్ళు పోసింది. చీమకి ఈత రాదు. నెల తిరిగేసరికి మడమ మానింది.

ఇక్కడితో అయిపోవాల్సిన కథ. కాని ఊరికి పురపాలక సంఘం ఉంది కదా.

దోమల విభాగం వాళ్ళు వారానికోసారి 'శుష్క శుక్రవారం' జరుపుతారు. ఆ రోజు ఊళ్ళో ఎక్కడా చుక్క నీరు నిల్వ ఉండకూడదు. కాలవల్లోవి లెక్కలోకి రావు, ఎందుకంటే అవి ఇంజినీరింగు విభాగం నీళ్ళు. చీమల విభాగం పుట్టిన నెలలోనే ఒక శుక్రవారం దోమల ఆఫీసరు చక్రధరరావు గారు పొడుగుకాడ గరిటె ఒకటి, టార్చిలైటు ఒకటి పట్టుకుని అచ్చియ్యమ్మ ఇంట్లోకి వచ్చి, వంగి మంచం కిందకి లైటు వేశారు.

"ఇవేమిటి?" అన్నారు.

"మూకుళ్ళు బాబూ."

"మూకుళ్ళు కావు. ఇవి నాలుగు దోమల ఉత్పత్తి కేంద్రాలు."

"రోజూ మార్సేస్తానండి నీళ్ళు."

"మార్చిన నీరు, మార్చిన క్షణం నుంచి నిల్వ నీరే అవుతుందమ్మా" అన్నారు ఆయన ఓపిగ్గా. తెలివితక్కువవాళ్ళకి చెప్పేటప్పుడు ఆయనకి ఓపిక ఎక్కువ.

అచ్చియ్యమ్మ దుప్పటి తీసి మొగుడి మడమ చూపించింది. మచ్చ ఇంకా గులాబీరంగులోనే ఉంది. "సీమలు తినేస్తన్నాయి బాబూ ఈ మనిసిని. ఆ నీలుంటేనే ఆగుతున్నాయి."

"చీమ మా విభాగం పరిధిలోకి రాదు. మేము రెక్కలున్న వాటికి మాత్రమే జవాబుదారీ."

"వానలప్పుడు సీమలకీ రెక్కలొస్తాయి కదండీ."

చక్రధరరావు గారు టార్చిలైటు ఆర్పారు. "వచ్చాక కబురుపెట్టండి" అని, నాలుగు మూకుళ్ళూ నేలమీద ఒలకబోయించి, వాటికి ఎ, బి, సి, డి అని చీటీలు అంటించి సాక్ష్యం కింద పట్టుకుపోయారు. తలుపు ఎడమ రెక్క మీద ఎర్ర నోటీసు అతికించారు. ఎర్ర నోటీసున్న ఇంటికి తనిఖీ వారానికోసారి కాదు, రోజూ తొమ్మిదింటికి.

అచ్చియ్యమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నోటీసు రెండుసార్లు చదివింది. దోమ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది, మనిషి అన్న మాట ఒక్కచోట కూడా కనబడలేదు. కొంగు దోపుకుని పురపాలక సంఘానికి బయలుదేరింది.

చీమల విభాగానికి మేడ మీద కొత్తగా రంగులేసిన గదిచ్చారు. గోడనిండా 'మీ చీమను తెలుసుకోండి' అన్న బొమ్మలు. చీమల ఆఫీసరు విద్యాసాగర్ గారు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ గదిలోకి అర్జీ పట్టుకుని వచ్చిన మొదటి మనిషి అచ్చియ్యమ్మే కావడంతో ఆయన లేచి నిలబడి మరీ కుర్చీ చూపించారు. నాలుగు పేజీల దరఖాస్తు తీసి ఆయనే నింపడం మొదలుపెట్టారు. చీమల రంగు, సుమారు సంఖ్య, స్వభావం, ఇంతకుముందు ఇవే చీమల మీద ఫిర్యాదు చేశారా. అన్నిటికీ చెప్పింది.

"పుట్ట ఎవరి స్థలంలో ఉంది?"

"టాంకు స్తలంలో బాబూ. తవరిదే."

విద్యాసాగర్ గారు కలం కింద పెట్టేశారు. "అదొక్కటీ ఇబ్బందమ్మా. మందు వెయ్యాలంటే స్థల యజమానికి ముందుగా నోటీసివ్వాలి. యజమాని పురపాలక సంఘం. కనక పురపాలక సంఘం పురపాలక సంఘానికి నోటీసివ్వాలి. దానికి సమాధానం పురపాలక సంఘమే ఇవ్వాలి."

"మరి ఇచ్చీవచ్చు కదండీ."

"ఇచ్చాం. మా విభాగం పుట్టిన మర్నాడే ఇచ్చాం. ఇంకా అందినట్టు లేదు."

"ఎక్కడికి పంపినారు బాబూ?"

"పక్క గదికి."

అచ్చియ్యమ్మ పక్క గది వంక చూసింది. తలుపు తీసే ఉంది. లోపల ఒకాయన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఈలోగా తాత్కాలిక రక్షణ ఉంది. ఈ ఉదయమే ఉత్తర్వులిచ్చాం" అంటూ విద్యాసాగర్ గారు పచ్చకాగితం ఒకటి చేతికిచ్చారు. 'పురపాలక పరిధిలోని ప్రతి మంచమునకు నాలుగు జలకందకములు తప్పనిసరి. జలకందకమనగా కోడు క్రింద నుంచబడిన నీటితో కూడిన పాత్ర.'

"ఇయ్యే కదండీ! నానెట్టుకున్నయ్యే కదా మీవోలు పొద్దున్న ఒంపేసి ఒట్టుకుపోనారు!"

"అది మా విభాగం కాదమ్మా" అన్నారు విద్యాసాగర్ గారు, తమ విభాగం అంత పని చెయ్యదన్నట్టు.

సోమవారం పదకొండింటికి చీమల విభాగం తనిఖీకి వచ్చింది. మంచం కింద జలకందకాలు లేవని తలుపు కుడి రెక్క మీద పచ్చ నోటీసు అతికించింది. ఇప్పుడు అచ్చియ్యమ్మ తలుపు వేస్తే, నీళ్ళున్నందుకు ఎర్ర నోటీసు, నీళ్ళు లేనందుకు పచ్చ నోటీసు పక్కపక్కన కలుసుకునేవి. దారినపోయేవాళ్ళు ఆగి చదివి వెళ్ళేవాళ్ళు.

ఇంక చేసేదిలేక ఆవిడ ఇంకో నాలుగు మూకుళ్ళు కొంది. తొమ్మిదింటికి దోమలవాళ్ళొచ్చేముందు నీళ్ళు పారబోసి మూకుళ్ళు గూట్లో దాచేది. వాళ్ళు వెళ్ళాక మంచం ఒక్కో కోడూ భుజంతో ఎత్తి, మూకుడు దూర్చి, మళ్ళీ నీళ్ళు పోసేది. పదకొండింటికి చీమలవాళ్ళు వచ్చి చూసుకుని సంతోషపడి వెళ్ళేవాళ్ళు. మనిషితోసహా మంచాన్ని రోజూ ఎత్తి దింపితే నడుం ఏమవుతుందో ఏ విభాగమూ అడగలేదు. విస్తళ్ళు కుట్టేది ఎప్పుడని అసలే అడగలేదు.

ఒక గురువారం చీమల విభాగం ఆకస్మిక తనిఖీ చెయ్యాలనుకుని గంట ముందొచ్చింది. అదేరోజు దోమల విభాగం జీపు చెడిపోయి గంట ఆలస్యంగా వచ్చింది. పదింటికి ఇద్దరు ఆఫీసర్లూ గుమ్మంలో ఒకరినొకరు గుద్దుకున్నారు. లోపల అచ్చియ్యమ్మ, దోమలవాళ్ళు ఇంక రారనుకుని, మూడో మూకుట్లో నీళ్ళు పోస్తోంది.

"మూడు ఉల్లంఘనలు" అన్నారు చక్రధరరావు గారు.

"ఒక లోపం" అన్నారు విద్యాసాగర్ గారు.

"ఈ నీరు దోమకు పురిటిగది."

"ఈ నీరు చీమకు సరిహద్దు."

"దోమ జాతీయ ప్రాధాన్యం గల కీటకం అని తమరికి తెలియంది కాదు."

"చీమ కమిషనరు గారి స్వీయానుభవంలోని కీటకం అని తమకీ తెలుసు."

ఈ దెబ్బకి చక్రధరరావు గారు కాస్త తగ్గారు. ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి మంచం కింద చెరోవైపు నుంచి తలలు దూర్చి వాదించుకోసాగారు. మంచం మీదనుంచి అప్పలసూరి, "బాబూ, సీమలదీ దోమలదీ అలగుంచండి. మజ్జిలో నానున్నాను" అన్నాడు. ఎవరూ పైకి చూడలేదు.

వ్యవహారం కమిషనరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన సమన్వయ సంఘం వేశారు. సంఘం ఏడుసార్లు సమావేశమైంది. దోమలూ చీమలూ లేని ప్రాంతాల్లో ఈ సమస్యని ఎలా ఎదుర్కొంటున్నారో తెలుసుకోడానికి ఒక కొండప్రాంతానికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చింది. వచ్చి ఉత్తర్వు తయారుచేసింది.

'మంచమునకు గల నాలుగు కోళ్ళలో తలవైపు రెండు కోళ్ళు చీమల విభాగము అధీనమునందును, కాళ్ళవైపు రెండు కోళ్ళు దోమల విభాగము అధీనమునందును ఉండును. మొదటి రెంటి క్రింద నీరు తప్పనిసరి. తరువాతి రెంటి క్రింద నీరు నిషిద్ధము.'

గందరగోళం లేకుండా తలవైపు కోళ్ళకి పచ్చరంగు, కాళ్ళవైపు కోళ్ళకి ఎర్రరంగు వేయించి, మిగిలిన రెండు మూకుళ్ళూ పట్టుకుపోయారు. అప్పలసూరి దిండు మీంచి వంగి చూసి, "సేయి తిరగనోడెవడో ఏసినాడే. అంచులు సూడు, ఎలగ కారిపోనాయో" అన్నాడు. ఆ మాట ఒక్కటే ఆయన ఆ ఉత్తర్వు మీద చేసిన విమర్శ.

చీమలు ఉత్తర్వుని అక్షరాలా పాటించాయి. నీళ్ళున్న కోళ్ళ జోలికి పోలేదు. పొడికోళ్ళ మీంచి ఎక్కాయి. ఎక్కగానే మొట్టమొదట తగిలేది ఏమీ తెలియని పాదాలు.

అచ్చియ్యమ్మ తెలివితక్కువది కాదు. మొగుణ్ణి ఎత్తి అటుది ఇటు తిప్పి పడుకోబెట్టింది, పాదాలు నీళ్ళవైపు వచ్చేలా. తలవైపు ఎక్కితే కనీసం ఆయనకి తెలుస్తుంది, చేత్తో దులుపుకుంటాడని ఆవిడ ఆశ. మర్నాడు తొమ్మిదింటికి చక్రధరరావు గారు చూసి, తల ఎటు ఉంటే అదే తలవైపు అని తేల్చేసి, ఎర్రకోళ్ళకి పచ్చా పచ్చకోళ్ళకి ఎర్రా వేయించి, నీళ్ళు ఇటునుంచి అటు మార్పించి వెళ్ళారు. ఆవిడ మళ్ళీ తిప్పింది. వాళ్ళు మళ్ళీ రంగు వేయించారు. మూడోసారికి కోళ్ళమీద రంగు పెచ్చులు కట్టింది. నీళ్ళు మాత్రం ఆ మనిషి పాదాల దగ్గరికి ఒక్కనాడూ రాలేదు.

ఆరోరోజున మడమలో ఎముక తెల్లగా కనబడింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టి, "ఇంకోసారి ఇలా అయితే కాలు తీసెయ్యాలమ్మా. జాగ్రత్తగా చూసుకో" అంది. జాగ్రత్తగా చూసుకోవడం అన్న మాట వినేసరికి అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే తిన్నగా పురపాలక సంఘానికి నడిచింది.

కమిషనరు గారు లేరు. చీమల వారోత్సవాలకి వెళ్ళారు. ఎవరితో మాట్లాడాలో తెలీక వసారాలో ఆ చివరికి నడిచేసరికి రికార్డు గది కనిపించింది. లోపల దాలినాయుడని ముసలి గుమాస్తా. ఇరవై ఎనిమిదేళ్ళనుంచి ఆ గదిలోనే ఉన్నాడు. సిబ్బంది తక్కువ కనక వచ్చిన కాగితాలకి నంబరు వేసి ముద్ర కొట్టేదీ ఆయనే. అచ్చియ్యమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. గదినిండా ఇనప బీరువాలు, బల్లలు, వాటి మీద కప్పు దాకా ఫైళ్ళు. ప్రతి బీరువా కాలి కిందా ఒక మట్టి మూకుడు. ప్రతి మూకుట్లోనూ అంచుదాకా నీళ్ళు.

"ఇయ్యేటి నాయుడుబాబూ?"

"నీలే అమ్మా. నేకపోతే సీమలూ సెదలూ ఒకటే తినడం కాయితాల్ని."

"దోమలోలు రారేటి ఇక్కడికి?"

"ఎందుకు రారు? సుక్కరవారం సుక్కరవారం వస్తారు. అయితే రికార్డుకి మినాయింపుంది." ఆయన గోడమీద పటం కట్టిన ఉత్తర్వు చూపించాడు. 'పురపాలక రికార్డుల పరిరక్షణార్థము నీటి మూకుళ్ళు వాడవచ్చును. ఈ విషయమున ఏ విభాగమునకును అభ్యంతరము చెప్పు అధికారము లేదు.'

అచ్చియ్యమ్మ ఆ కాగితాల కట్టల్ని చాలాసేపు చూసింది. ఎవరి ఇంటిపన్ను రసీదులో, ఎవరి కాలవ తగువులో, ఎన్నాళ్ళ కిందటివో. ఒక్కదాన్ని కూడా చీమ ముట్టలేదు. ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది.

"నాయుడుబాబూ, అర్జీతో పాటు ఏదైనా జతపరిస్తే దాన్నేటి సేస్తారు?"

"ఏటి సేస్తాం? అర్జీతో కలిపి నంబరేస్తాం. అదీ రికార్డే."

మర్నాడు పొద్దున్నే కూరల తోపుడుబండి అడిగి తెచ్చి, దానిమీద పరుపేసి, పరుపు మీద అప్పలసూరిని పడుకోబెట్టి తోసుకుంటూ వచ్చింది. అర్జీ దాలినాయుడి చేతికిచ్చింది. టాంకు స్థలంలో చీమల పుట్ట తీయించమని అర్జీ. అడుగున, 'ఇందుతో జతపరచినది: అప్పలసూరి, ఒకటి' అని ఉంది.

దాలినాయుడు కళ్ళజోడు మీంచి అర్జీని చూశాడు, బండిని చూశాడు, అచ్చియ్యమ్మ మొహం చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇంత సక్రమంగా రాసిన అర్జీ ఆయన చూడలేదు. అర్జీ మీద నంబరు వేశాడు. తర్వాత లేచివచ్చి అప్పలసూరి ముంజేతి మీద అదే నంబరు వేసి, ముద్ర టప్పున కొట్టాడు.

"తుడిస్తే పోద్దేటండి?" అన్నాడు అప్పలసూరి.

"పుస్తకంలో ఎక్కిపోనాది నాయినా. ఇంక తుడిసినా పోదు."

కబురు తెలిసి ఆఫీసర్లిద్దరూ పరిగెత్తుకొచ్చారు. కమిషనరు గారు వారోత్సవాల దండ మెడలోనే ఉంచుకుని వచ్చారు. తలుపులు వేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. నంబరు పడ్డ దాన్ని వెనక్కి పంపే అధికారం ఎవరికీ లేదని తేలింది. చివరికి కమిషనరు గారు బయటికొచ్చి, బండి మీద మనిషిని కాక ముంజేతి మీద ముద్రని చూస్తూ చెప్పారు: "మనిషిని కాపాడడానికి మనకి ఏ నిబంధనా లేదు. రికార్డును కాపాడడానికి ఉంది. చట్టం తన పని తాను చేస్తుంది."

రికార్డు గదిలో మంచం పట్టదు కనక సదరు రికార్డు అర్జీదారు ఇంట్లోనే భద్రపరచబడాలని ఉత్తర్వయింది. చక్రధరరావు గారు ఎ, బి, సి, డి మూకుళ్ళు స్వయంగా తెచ్చి, స్వయంగా నీళ్ళు పోసి, మంచం నాలుగు కోళ్ళూ దింపించారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చి, నీళ్ళు తగ్గితే మందలించేవారు. విద్యాసాగర్ గారు పుస్తకంలో 'రికార్డు చీమలు పట్టక భద్రముగా ఉన్నది' అని రాసుకునేవారు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఇద్దరూ దుప్పటి ఎత్తి ఆ పాదాలు చూశారు. రికార్డు అంచులు చిరిగాయేమోనని చూసే చూపది. అయినా చూశారు.

రెండు నెలల్లో మడమ పూడింది. అచ్చియ్యమ్మ సంతోషించింది. మొగుణ్ణి కాగితాల్లో కలిపేస్తే తప్ప దక్కలేదే అని ఆ సంతోషానికి సిగ్గూపడింది. రెంటిలో ఏది ఎక్కువో ఆవిడకే తెలీదు.

సరిగ్గా అప్పుడే పక్క గది నుంచి సమాధానం వచ్చింది. పురపాలక సంఘం స్థలంలో పురపాలక సంఘం మందు వేసుకోడానికి పురపాలక సంఘానికి అభ్యంతరం లేదట. 'పుట్ట నిర్మూలన మహోత్సవం' ఆదివారం అని చాటింపు వేశారు. అచ్చియ్యమ్మ మనసు తేలికపడింది. శనివారం సాయంత్రం దాలినాయుడు ఆవిడ ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అమ్మా, రేపు పుట్ట తీసేస్తే నీ అర్జీ పరిస్కారమైపోద్ది. ఫైలు మూసేస్తారు."

"మంచిదే కదా బాబూ."

"మూసీసిన ఫైలు రికార్డు గదిలోంచి తీసేస్తాం. జతపరిసినయ్యి కూడా. తీసీసినవి ఏటా పెరట్లో ఎట్టి కాల్సేస్తాం."

మంచం మీదనుంచి అప్పలసూరి, "నన్నేటి, కాల్సేస్తారేటి?" అన్నాడు.

"కాల్సరులే నాయినా. ఎవులో ఒకలు అడ్డుపడతారు. కాని ఆ మూకుళ్ళుంటాయేటి? సక్రదరరావు గారు రేపు సాయంత్రానికే ఒట్టుకుపోడానికి జాబితా రాసేసినారు. రికార్డు కానోడి మంచం కింద నీలుండకూడదు."

"పుట్టే పోతే నీలెందుకు బాబూ? సీమలుండవు కదా."

"ఎవులు సెప్పినారు? గోడకవతల ఇంకా మూడు పుట్టలున్నాయి. నాను సూసినాను. వాటికి ఫైల్లేదు."

ఆదివారం పొద్దున్న టాంకు గేటు తాళం తీశారు. రెండు డ్రమ్ముల మందు వచ్చింది. మేళం వచ్చింది. కమిషనరు గారు మోకాళ్ళ పైదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతిలో ప్రతిజ్ఞ కాగితం పట్టుకుని, పుట్టకి ఈసారి చాలా దూరంలో నిలబడ్డారు. మొదటి వాక్యం చదివేలోగా అచ్చియ్యమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి పుట్టకి ముందు నిలబడింది. ఒక చేతిలో విస్తళ్ళు కుట్టే పుల్లల కట్ట, ఇంకో చేతిలో కాగితం.

"దీని మీద సెయ్యెయ్యకండి బాబూ!"

"ఏమమ్మా, తీయించమని అర్జీ పెట్టింది నువ్వే కదా?" అన్నారు విద్యాసాగర్ గారు. ఆయనకి నిజంగానే బాధగా ఉంది. అది ఆయన మొదటి పుట్ట.

"అప్పుడెట్టేను. ఇప్పుడు వద్దంటన్నాను. ఇదిగో అభ్యంతరం. నంబరేసుంది, ముద్దరుంది."

కమిషనరు గారు కాగితం తీసుకుని ముందు ముద్ర చూశారు. ముద్ర సరిగ్గా ఉంది. పొరుగు స్థలం వారు అభ్యంతరం చెబితే దానిమీద విచారణ జరపాలి. విచారణకి స్థల యజమాని హాజరుకావాలి. హాజరుకమ్మని స్థల యజమానికి నోటీసివ్వాలి. ఆయన బూట్ల బరువు మీద మెల్లిగా వెనక్కి తిరిగారు.

"యజమానికి నోటీసివ్వండి" అన్నారు.

మేళం ఆగింది. డ్రమ్ములు మళ్ళీ బండెక్కాయి. విద్యాసాగర్ గారు జేబులోంచి కలం తీస్తూ పక్క గది ఆయన వచ్చాడేమోనని జనంలో వెతుక్కున్నారు. గేటుకి తాళం పడింది.

ఇప్పుడు అచ్చియ్యమ్మ పొద్దున్నే లేస్తూనే గోడ కన్నం దగ్గరికి వెళ్ళి గుప్పెడు నూక పోస్తుంది. బెల్లం ఉన్నరోజున చిదిపిన బెల్లం కూడా వేస్తుంది. ఎర్ర చీమలు బారుకట్టి వచ్చి మోసుకుపోతాయి. పుట్ట మోకాటి ఎత్తు పెరిగింది. ఆ తర్వాత లోపలికొచ్చి, నాలుగు మూకుళ్ళలో నీళ్ళు మార్చి, మొగుడి మడమలు రెండూ వెలుతుర్లోకి తిప్పి చూసుకుంటుంది.

"ఓలె అచ్చీ, సీమలకి ఎట్టినావేటే?" అంటాడు అప్పలసూరి, టీ గ్లాసు అందుకుంటూ.

"ఎట్టేను మావా."

"కడుపునిండా ఎట్టినావా?"

"ఎట్టేను."

"అయితే ఇయ్యాలకి నా కాళ్ళుంటాయి" అని ఆయన టీ తాగుతాడు.